మజ్జిగ బకెట్టు ఎత్తేశారు

"మా అక్కను చంపింది గుండె కాదు డాక్టరమ్మా. మీరూ, అదిగో ఆ కుర్చీలో కూర్చున్న సారూ."

సైదులు మిర్చి యార్డు నుంచి సరాసరి కంపెనీ ఆఫీసుకు వచ్చాడు. ఒళ్ళంతా మిరప ఘాటు. ఆ గదిలో ఒక్కరూ తుమ్మలేదు. 2079 నాటి గుంటూరులో ఘాటుకు తుమ్మేవాళ్ళు లేకుండా పోయి చాలాకాలమైంది.

డాక్టర్ జ్ఞానసుందరి కళ్ళు నులుముకుంది. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు, మనిషి మాత్రం అరిగిపోయింది.

నాళసఖిని కనిపెట్టింది ఆమే. మణికట్టు చర్మం కింద బియ్యపు గింజంత యంత్రం. మిరపకు మంటనిచ్చే కాప్సైసిన్‌ను నాలుకకు తగలనీయకుండా నేరుగా నెత్తురులోకి వదులుతుంది. అది రక్తనాళాల లోపొరను తట్టి లేపుతుంది. లోపొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ పుట్టి, బిగుసుకున్న నాళం వదులవుతుంది, బీపీ దిగుతుంది. అంతా బాగుంటే మణికట్టు మీద పచ్చదీపం.

చిక్కల్లా ఒకటే. కాప్సైసిన్ తెరిపి లేకుండా తగిలితే నొప్పిని మోసే నరాలు మొద్దుబారతాయి. చేతుల మంట తెలియదు, ఛాతీలో నొప్పీ తెలియదు. అందుకే వారానికొక రోజు యంత్రం ఆగి, విరుగుడు వదిలి, నరాలను లేపాలని ఆమె ఏర్పాటు చేసింది. దానికి విరామం అని పేరు పెట్టింది.

"మిరపకాయలకు ముచ్చికలు తీస్తా తీస్తా వాటి మీదికే ఒరిగిపోయింది," అన్నాడు సైదులు. "పడేదాకా పచ్చదీపమే."

దీపం చూసేది మణికట్టు నాళాన్ని. మూసుకుపోయింది గుండె నాళం.

"విరామం రోజున నొప్పి తెలిసి ఉండాలే," ఆమె కుర్చీలో ఉన్న కంపెనీ అధిపతి ఫణీంద్ర వైపు తిరిగింది. "తీసేశారా?"

"మేమెందుకు తీస్తాం మేడమ్? వద్దనుకుంటే ఆపుకోమని ఒక మీట ఇచ్చాం. వాళ్ళే ఆపుకున్నారు."

సైదులు పొడిగా నవ్వాడు. "ఇదివరకు చేతులు మండితే ఆడోళ్ళంతా మజ్జిగ బకెట్టు చుట్టూ చేరేవోళ్ళు. చేతులు ముంచుకుని కబుర్లాడుకునేవోళ్ళు. ఎర్రగా వాచిన చేతులు చూసి మేస్త్రీ కూడా నోరెత్తేవోడు కాదు. మీ గింజ వచ్చాక మంట లేదుగా, బకెట్టు ఎత్తేశారు. విరామం రోజున మంటకి పని సాగదు, కూలి పోతుంది. ఎవురన్నా మూలిగితే గుంటూరులో పుట్టి కారానికి ఏడుస్తావేంటే అని పక్కోళ్ళే నవ్వుతారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా అక్కే. మా ఇంటిది ఇప్పుడు ఆ యార్డులోనే ఉంది డాక్టరమ్మా. అదీ విరామం ఆపుకునే ఉంది."

మజ్జిగ చేతుల కోసమేనని జ్ఞానసుందరి ఇన్నేళ్ళూ అనుకుంది. అది కాసేపు కూర్చోవడానికి కూడానని తట్టలేదు. రోగం తగ్గించే వస్తువు చేతికొస్తే, దానితో ఇంకెంత పని పిండుకోవచ్చో చూసుకుంటాం మనం. పిండేవాడికి మనమే చెయ్యి అందిస్తాం.

"సఖీ," అని నాళసఖుల లెక్కలు చూసే గోడలోని యంత్రాన్ని పిలిచింది. "విరామం ఆపుకున్నది ఎవరెవరు?"

"యార్డులో దాదాపు అందరూ. ఈ గదిలో ఫణీంద్ర గారు, మీరు."

ఫణీంద్ర నేలచూపులు చూశాడు. ఆమెకు గుర్తొచ్చింది. ప్రారంభోత్సవం వారం, తీరిక లేదని మీట నొక్కింది. మళ్ళీ దాని ఊసే ఎత్తలేదు.

"నా విరామం ఇప్పుడే మొదలుపెట్టు."

విరుగుడు పారింది. ముందు సైదులు చొక్కా ఘాటు ముక్కుకు తగిలి తుమ్మింది, వెంట వెంటనే. ఆ వెనకే ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఎవరో మెలిపెట్టినట్టు నొప్పి. కొత్తది కాదు. ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియని నొప్పి.

సైదులు చప్పున కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. "నీళ్ళు తేనా అమ్మా?"

"అంబులెన్స్ పిలుస్తాను మేడమ్," ఫణీంద్ర లేచాడు.

"పిలవండి. దానికన్నా ముందు ఆ మీట తీసేయండి. విరామాన్ని ఎవరూ ఆపుకునే వీలుండకూడదు. ఆ రోజు కూలి కంపెనీయే ఇవ్వాలి. మంట ఉన్నా లేకపోయినా బకెట్టు మళ్ళీ పెట్టాలి."

"సోమవారం బోర్డు మీటింగులో..."

"సోమవారం దాకా ఇతని భార్య ముచ్చికలు తీస్తూనే ఉంటుందయ్యా." ఆమె తన ఎడమ చెయ్యి పట్టుకుని ఊపిరి కూడగట్టుకుంది. "ఇప్పుడే తీయండి. నేను చూస్తుండగా."