ఒక్క నిమిషంలో ఆరిన తడి

ఈసారి శవం ఎనిమిదెకరాలు పరుచుకుని ఉంది.

గురువారం ఉదయం తొమ్మిదీ పదికి ఎస్సై జీపు దిగింది. టమాటా తోట మొత్తం నల్లగా మాడి వేలాడుతోంది. ఆకుమాడు తెగులు. కుళ్ళు వాసనకు ఆమె ముక్కు మూసుకుంది.

పంపు షెడ్డు ముందు తోట యజమాని, అతని తమ్ముడు, పైరుకు మందు కొట్టే మనిషి నిలబడి ఉన్నారు. ఆ మూడో అతని వీపు మీంచి స్ప్రే ట్యాంకు దిగడం అరుదు. అందుకే అందరూ అతన్ని ట్యాంకనే పిలుస్తారు. ఇవాళ వీపు మీద ట్యాంకు లేదు. భుజం మీద కానిస్టేబుల్ చెయ్యి ఉంది.

"వీడే మేడమ్," యజమాని మండిపడ్డాడు. "నా డబ్బాని ఏదో చేశాడు. కేసు పెట్టి లోపలెయ్యండి."

డబ్బా అంటే తోట మధ్యలో స్తంభానికి బిగించిన వెదర్ స్టేషన్. దానికి అరచేతి వెడల్పు సెన్సర్ పలక ఒకటుంది. ఆకు మీద మంచు పడితే పలక మీదా పడుతుంది. తడి ఆగకుండా పది గంటలుంటే తెగులు అంటుకుంటుంది. వెంటనే యజమాని ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఆకు ఆరగానే మందు కొట్టించాలి.

"మెసేజ్ రాలేదా?"

"శనివారం పొద్దున ఏడింటికి వచ్చింది. ఏడూ ఇరవైకి వాన. సోమవారం దాకా తెరిపివ్వలేదు. వానలో మందు కొడితే నేలపాలే కదా! అంతకుముందే రావాల్సింది."

"ఇతనికేం లాభం?"

"డబ్బా రాకముందు వారం వారం పని. ఇప్పుడు నెలకోసారి. కడుపు మండదూ?"

"నేను దాన్ని ముట్టుకోలేదమ్మా," అన్నాడు ట్యాంకు. "నేను జైలుకెళ్తే నా కూతురికి ఎవరున్నారు? దానికి తల్లి కూడా లేదు."

ఎస్సై యజమాని తమ్ముడి వైపు తిరిగింది.

"మీరేమంటారు?"

"నేనా యంత్రం జోలికే పోను. పొద్దున్నే ఆకు పట్టుకు చూస్తే నాకు తెలిసిపోతుంది. ఇరవయ్యేళ్ళు ఎప్పుడు మందు కొట్టాలో నేనే చెప్పాను."

"పోయిన వారం చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?"

"శనివారం ఎక్కడున్నారు?"

"టౌన్లో. శుక్రవారం సాయంత్రమే వెళ్ళాను."

ఆమెకు ఎవరి మాటా మింగుడుపడలేదు. మరీ గట్టిగా అరుస్తున్న యజమాని మీద కూడా అనుమానమే. కంపెనీ మెకానిక్ చూసి వైర్లన్నీ బాగున్నాయన్నాడట. అయితే పాడైందేమిటి? షెడ్డులో కూర్చుని లాప్‌టాప్‌లో డబ్బా నమోదు చేసిన తడి గ్రాఫు తెరిచింది. అరగంట కదల్లేదు.

పదింటికి అందర్నీ డబ్బా దగ్గరకు పిలిచింది.

"పోయిన బుధ, గురు, శుక్రవారాలు. ముందు రాత్రి తొమ్మిదికి తడి మొదలైంది. మూడు రోజులూ పొద్దున ఆరూ ఐదుకి సున్నా."

"ఆరిపోయి ఉంటుంది మేడమ్," అన్నాడు యజమాని.

"మంగళవారం ఆరడానికి గంటన్నర పట్టింది. ఈ మూడు రోజులూ నూరు నుంచి సున్నాకి ఒక్క నిమిషం. ఎండ వల్ల అయ్యే పని కాదది, గుడ్డతో అయ్యే పని. పది గంటలు నిండకుండా ఎవరో పలక తుడిచారు."

"ఇంకెవరు? వీడే!"

"శనివారం ఎవరూ తుడవలేదు. అందుకే మెసేజ్ వచ్చింది. ఆ పొద్దున ట్యాంకు ఎక్కడున్నాడు?"

"షెడ్డులోనే. వారమంతా ఇక్కడే పడుకున్నాడు."

"మరి తోటలో లేనిదెవరు?"

యజమాని మెల్లగా తమ్ముడి వైపు తిరిగాడు.

తమ్ముడు తప్పించుకోవాలని చూడలేదు. "పొద్దున లేస్తే డబ్బా మొహమే చూసేవాడివి అన్నా. ఒక్కసారి నన్నడిగావా? మూడు రోజులు తుడిచాను. శనివారం టౌన్నుంచి మందు తెచ్చి, నీ యంత్రానికి కళ్ళు లేవని చెప్పి, నా చేత్తో నేనే కొడదామనుకున్నా." కళ్ళు తుడుచుకున్నాడు. "తెగులొస్తుందని నా చేతికి తెలుసు. వానొస్తుందని తెలియలేదు."

యజమాని గట్టు మీద కూలబడ్డాడు. ఎంత కోపమొచ్చినా తోడబుట్టినవాడాయె. ట్యాంకు కేసి చూడకుండానే అన్నాడు.

"ఏదో పొరపాటైంది, మనసులో పెట్టుకోకు. మేడమ్, ఇక కేసొద్దులెండి. ఇది మా ఇంటి విషయం."

కానిస్టేబుల్ చెయ్యి తీశాడు. ట్యాంకు కదల్లేదు.

"నా పేరున్నంతసేపూ పోలీసు విషయం. ఇప్పుడు ఇంటి విషయమా అయ్యా?"

ఎస్సై కంప్లయింటు కాగితం యజమాని ఒళ్ళో పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చింది.

"అతని పేరు కొట్టేసి, ఎవరి పేరు రాయాలో మీ చేత్తోనే రాయండి," అంది.