సొరంగంలో ఖాళీ మంచం

పిల్లల వార్డుకీ ఆవలి భవనానికీ మధ్య భూమికింద ఓ సొరంగం ఉంది. చలికాలంలో అందరికీ అదే దారి. కానీ మలుపు దగ్గర దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. అక్కడ తెల్లగౌను దొరసాని దెయ్యమై తిరుగుతుందనీ, ఖాళీ మంచం తోసుకుంటూ ఎవరికోసమో వెతుకుతుందనీ ఆసుపత్రిలో చెప్పుకుంటారు.

పెర్నిలా అలాంటివి నమ్మే మనిషి కాదు... ఆ రోజు దాకా.

మధ్యాహ్నం మూడయింది. ఆ ఉత్తరపు చలిదేశంలో డిసెంబరు కదా, బయట అప్పటికే అర్ధరాత్రిలా ఉంది.

ఆమె కూతురు హెడ్డాకి ఏడేళ్లు. రక్త క్యాన్సరు. ఆ వారం పసుప్పచ్చని మందు పెద్ద మోతాదులో ఎక్కించారు. ఇక అది ఒంట్లోంచి దిగిపోవాలి. రోజూ రక్తం తీసి ఎంత మిగిలిందో కొలుస్తున్నారు. సున్నా పాయింట్ రెండు కంటే కిందికి దిగితే ఇంటికి. దిగకుండా నిలిచిపోతే— కిడ్నీలకే ముప్పు.

నిన్నటిదాకా చక్కగా దిగింది. రేపు లూసియా పండగ. తెల్లారకముందే దీపాల కిరీటం పెట్టుకుని, పాట పాడి ఇంట్లోవాళ్లని లేపాలని హెడ్డా ఆరాటం.

ఇప్పుడు అంకె వచ్చింది. నిన్నటికి మూడింతలు.

"మందు ఆపేశాక ఎలా పెరుగుతుంది?" అంది పెర్నిలా.

"పెరగకూడదు. ల్యాబుకి ఫోన్ చేస్తున్నా," అంది నర్సు మాలిన్. "నువ్వెళ్లి ఏదైనా తిను. నీ మొహం చూస్తే నీకే సెలైన్ పెట్టాలనిపిస్తోంది."

"అమ్మా, నాకు కుంకుమపువ్వు బన్ను," అంది హెడ్డా. "ఎండుద్రాక్షలు రెండూ ఉండాలి. కిందటిసారి ఒకటి నువ్వు తినేశావ్."

క్యాంటీను ఆవలి భవనంలో ఉంది. పెర్నిలా సొరంగంలోకి దిగింది.

మలుపు దగ్గర... టప్. చీకటి.

ఎక్కడో చక్రం చప్పుడు. కీచ్... కీచ్... ఆగింది.

అప్పుడు కనిపించింది— పాదాల దాకా తెల్లగౌను. తలమీద వెలుగుతున్న కొవ్వొత్తులు. నడవడం లేదు... తేలుతూ వస్తోంది.

"హెడ్డా జోలికి రాకు..." గోడకి అతుక్కుపోయి గొణిగింది పెర్నిలా. "నా కూతుర్ని వదిలెయ్..."

"హెడ్డానా? నేనొస్తున్నదే ఆ పిల్ల కోసం!"

ఆ ఆకారం కాలితో తోసే స్కూటరు మీంచి దిగింది.

"అయ్యో, జడిపించానా? నేను ల్యాబు రూనాని. రేపటి లూసియా ఊరేగింపుకి ఈ వేషంలో రిహార్సల్ చేస్తుంటే మాలిన్ ఫోన్ చేసింది. ఇక్కడి పాడు దీపాలు ఎప్పుడూ ఇంతే, అందుకే ఈ బ్యాటరీ కిరీటం వెలిగించుకునే వచ్చా."

"ఆ అంకె..."

"నాకూ నమ్మబుద్ధి కాలేదు. పొద్దున రక్తం తీసే గొట్టం మూసుకుపోతే, మందెక్కించిన గొట్టంలోంచే రక్తం తీశారట. లోపల అంటుకున్న మందు కూడా అందులో కలిసుంటుంది. వేలి రక్తం తీస్తే తేలిపోతుంది, పద."

వార్డులో హెడ్డా ఆ తెల్లగౌనునీ కిరీటాన్నీ చూస్తూ వేలు చాపింది. "నొప్పెడుతుందా?"

"చీమ కుట్టినట్టు."

"దెయ్యాలన్నీ అలాగే అంటాయి."

రూనా పగలబడి నవ్వింది. రక్తం తీసిన చిన్న గొట్టానికి వెండి రేకు చుట్టింది. వెలుతురు తగిలితే లోపలి మందు చెడి అంకె తప్పుతుందట. కిరీటం తీసి హెడ్డా బోడిగుండు మీద పెట్టింది. "ఇంటికెళ్లేటప్పుడు తెచ్చివ్వు."

"మరి నా బన్నేదీ?" అంది హెడ్డా తల్లితో. ఆ మాటే మర్చిపోయింది పెర్నిలా.

అంకె వచ్చేసరికి ఆరయింది. మాలిన్ గుమ్మంలోంచే అరిచింది—

"సున్నా పాయింట్ ఒకటి!"

పెర్నిలా నేలమీద కూలబడి నవ్వింది. ఏడ్చింది కూడా.

సంచులు సర్దుకుని, కిరీటం ఇచ్చేద్దామని ఇద్దరూ సొరంగంలో నడుస్తున్నారు. మలుపు దగ్గర... టప్. హెడ్డా తలమీది దీపాలే వెలుతురు.

కీచ్... కీచ్...

"రూనా ఎదురొస్తున్నట్టుంది," అంది పెర్నిలా ధీమాగా.

మలుపు తిరిగారు. దూరంగా, సొరంగం చివర ల్యాబు గుమ్మంలో రూనా నిలబడి ఉంది. స్కూటరు గోడకి ఆనించి ఉంది.

హెడ్డా మాత్రం వెనక్కి తిరిగి ఎవరికో చెయ్యి ఊపింది.

"ఎవరికే... ఊపుతున్నావ్?"

"మంచం తోసుకెళ్తున్న అవ్వకి. ఎక్కుతావా అని అడిగింది." కిరీటం సర్దుకుంది హెడ్డా. "అక్కర్లేదు, ఇంటికెళ్తున్నా అని చెప్పా."