చుక్క లేని గుర్తు

కొత్తపట్నం బస్టాండు పక్కన సఫూరా సెల్‌ఫోన్ల కొట్టు మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంటుంది. కోటేశ్వరి ఆ వేళకే వెళ్తుంది. ఒక్కదానికే వండుకుని, ఒక్క కంచం కడుక్కున్నాక పొద్దు గడవదు. భర్త వీరబాబు సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాక ఇది రెండో వేసవి. పడవ దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఆమె గాజులు తీయలేదు.

"నా ఫోనులో అన్నీ గళ్లే వస్తున్నాయమ్మాయ్," అంది.

వల తేలడానికి కట్టే బెండ్ల మీద ఎవరి గుర్తు వాళ్లు రంగుతో వేసుకోవడం అక్కడి అలవాటు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన బెండు ఎవరిదో తెలియాలని సఫూరా ఆ గుర్తులన్నీ అక్షరాల్లా గీసి, ఫాంటు చేసి, వెబ్ పేజీలో పెట్టింది. పాత ఫోన్లలో ఆ ఫాంటు దిగదు. గుర్తు ఉండాల్సిన చోట గడి కనపడుతుంది.

సఫూరా కొత్త బ్రౌజరు ఎక్కించింది. గళ్లు ఒక్కొక్కటే పోయి చేపతోక, తెడ్డు, నెలవంక వచ్చాయి. వీరబాబు పేరు పక్కన మాత్రం గడి అలాగే ఉంది.

"బాబాయిది నేను గీయలేదు పిన్నీ. నువ్వు చూపిస్తేగా. చోటు మాత్రం ఉంచాను."

"ఆయనది ఆయనే వెయ్యాలి. ఇంకోళ్ల చేత వేయిస్తే మనిషి లేడని నేనే చెప్పినట్టు."

"అయితే ఆ గడితోనే కాపురం చెయ్యి."

కోటేశ్వరి నవ్వింది. చాలా రోజులకి. "అందులో ఏమీ లేనట్టేనా?"

"ఎందుకు లేదు? అక్షరం ఉంది. చూపించడానికి రూపం లేదు, అంతే."

కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. బయట తెల్లటి ఎండ, రోడ్డు మీద మనిషి లేడు. కొట్టులోకి తడి వల వాసన వచ్చింది. దాని వెనకే పెయింటు వాసన...

ఫోనులో గడి కింది గీత వంగింది.

వంగి, మెల్లగా, ఎడమకు తిరిగింది. నాలుగు గీతలూ కలిసి ఒక సున్నా అయ్యాయి. దాని కింద చిన్న వంకర తోక.

సఫూరా లాప్‌టాప్‌లో ఫాంటు తెరిచింది. వీరబాబు చోటు ఖాళీ. పేజీ తెరిచింది. అక్కడా అదే సున్నా, అదే తోక.

"నేను పెట్టలేదు పిన్నీ..."

"ఆయన ఎడంచేతి వాటం," కోటేశ్వరి గుసగుసగా అంది. "ఆ వంకర ఆయనదే."

"ఇదేనా? ఇంతేనా గుర్తు?"

"మధ్యలో చుక్క ఉండాలి. వేట నుంచి ఒడ్డుకొచ్చాకే పెడతాడు. వచ్చేశానని."

ఇద్దరూ తెర వైపే చూశారు. వెనక గదిలో నీళ్లు కారుతున్న చప్పుడు. ఆ గదిలో కుళాయి లేదు.

చప్పుడు ఆగింది.

సున్నా మధ్యలో చుక్క పడింది.

కోటేశ్వరి వేలితో తాకింది. వేలికి ఎర్రరంగు అంటింది. ఇంకా ఆరలేదు.