మొదటి మీట ఎవరు నొక్కాలి?

జనగామ స్టేషన్, రెండో ప్లాట్‌ఫారం చివర. 1983. ఉదయం ఆరున్నర. పశువుల దవాఖాన కాంపౌండర్ వేషంలో ఉన్న ఏజెంట్ సోమేశ్వర్ పక్కన ఒక పెద్దమనిషి వచ్చి కూర్చుని పేపర్ విప్పాడు.

"పత్తి తడిసిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఎండపెట్టినం."

కోడ్ సరిపోయింది. ఆ పెద్దమనిషి నర్సింగరావు, సీక్రెట్ బ్రాంచ్ రీజినల్ చీఫ్. సోమేశ్వర్‌కు అంతకంటే ఎక్కువే. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో, ఇదే ఊళ్లో, పోలీసు లాఠీ సోమేశ్వర్ తల మీద పడబోతుంటే అడ్డం వచ్చి తన భుజం విరగ్గొట్టుకున్న మనిషి. తర్వాత చదివించిందీ, బ్రాంచ్‌లో చేర్పించిందీ ఆయనే. పద్నాలుగేళ్లలో సోమేశ్వర్ ఆయన మాటకు ఎదురు ప్రశ్న వేసి ఎరగడు.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. బ్యాలెట్ కాగితాల బదులు ఎలక్ట్రానిక్ మిషన్ రాబోతోంది. మీట నొక్కితే ఓటు పడుతుంది. దొంగముద్రలు గుద్దుకోవడం ఇక కుదరదు. దాని ట్రయల్ ఆ సాయంత్రం నాలుగింటికి భూపాలపల్లిలో, బొగ్గుగని కార్మికుల ముందు, గూడేల జనం ముందు, పత్రికల వాళ్ళ ముందు జరుగుతుంది. 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా దాన్ని చెడగొట్టడానికి కాచుకుని ఉంది. మన మిషన్ నలుగురిలో నవ్వులపాలైతే, తమ సరుకును ఆసియా అంతటా అంటగట్టాలని వాళ్ళ ప్లాన్.

నర్సింగరావు మిషన్ ఉన్న పెట్టెను కాలితో ఇటు నెట్టాడు. మీద 'గాలికుంటు టీకాలు' అని రాసి ఉంది. నాలుగు వైపులా లక్కముద్రలు. వరంగల్ రోడ్డు మీద శత్రువుల నిఘా ఉందని, మానుకోట దాకా రైల్లో పోయి అక్కడ జీపు ఎక్కమని చెప్పాడు. చివరగా ఒక ఫోటో చూపించాడు.

"సునంద. ఆర్కిడ్ మనిషి. మాటలతోనే పడేస్తది. పెట్టె దగ్గరికి రానియ్యకు, తమ్మీ. ముద్రలు విప్పేది నేనే."

మానుకోట వెయిటింగ్ రూంలో ఆమె ముందే ఉంది. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, గదంతా విదేశీ సెంటు వాసన. నేరుగా వచ్చి పెట్టె పక్కన కూర్చుంది. సోమేశ్వర్ టవల్ కిందనే రివాల్వర్‌ను ఆమె వైపు తిప్పాడు. ఆమె నోట ఇంగ్లీషు వస్తుందనుకున్నాడు. మరిపెడ యాస వచ్చింది.

"రెండేండ్ల సంది ఆర్కిడ్‌ల పనిచేస్తున్న మాట నిజమే సార్. మన ఢిల్లీ ఆఫీసువాళ్లు కనిపెట్టమని పంపితేనే చేరిన. గా పెట్టెల ఉన్నది మన మిషన్ కాదు. అండ్ల మొదటి మీట ప్లాస్టిక్‌ది కాదు, రంగేసిన రాగి. లోపల ఫోటో ఫ్లాష్‌లకు వాడే, కరెంటు దాచిపెట్టే కెపాసిటర్లు నింపిన్రు. నొక్కినోళ్లు నిలబడ్డకాన్నే పోతరు. రేపు గది పేపర్ల పడ్డంక, ఊర్లల్ల ఎవరన్న మీట ముట్టుకుంటరా?"

సోమేశ్వర్ ఆధారం అడిగాడు. కాగితాలేమీ లేవని, పెట్టెకు ముద్రలు వేసిందెవరో ఒక్కసారి ఆలోచించమని ఆమె అంది. ఆ మాటకు అతని ఒళ్ళు మండిపోయింది. రైల్వే పోలీసులను పిలిచి ఆమెను అప్పగించాడు. ఆమె పెనుగులాడలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆగింది.

"ప్రోగ్రాం కార్డు చూడున్రి. మొదలు నొక్కేది మీ నర్సింగరావు సారే అని అచ్చేసిన్రు. ఆయన నొక్కితే నన్ను ఉరితియ్యున్రి."

జీపు నర్సంపేట దాటింది, ములుగు దాటింది. దారిలో సోమేశ్వర్ రెండుసార్లు బండి ఆపించాడు. రెండుసార్లూ చెయ్యి లక్కముద్ర దాకా పోయి వెనక్కి వచ్చింది. పెట్టె తెరిస్తే లోపల ఏముందో తెలుస్తుంది. కానీ తెరవడమంటేనే అన్నలాంటి నర్సింగరావును అనుమానించడం. ఆ పని అతనికి చేతకాలేదు.

భూపాలపల్లిలో షామియానా కింద జనం కిటకిటలాడుతున్నారు. అక్కడ పంచుతున్న ప్రోగ్రాం కార్డు మీద, మొదటి మీట నొక్కేది నర్సింగరావు అనే ఉంది. నర్సింగరావు తన చేతులతోనే ముద్రలు విప్పి, మిషన్‌ను ఉక్కు పలక మీద అమర్చాడు. నాలుగైంది. మైకు ముందుకొచ్చి నవ్వుతూ, మొదటి ఓటు గౌరవం అధికారులకెందుకు, అడవి బిడ్డకు దక్కాలి అన్నాడు. చప్పట్లు మోగాయి. గంగారం పక్క గూడెం నుంచి లారీలో వచ్చిన డెబ్బై ఏళ్ల గట్టమ్మను పిలిచాడు. ఆమె ఎడమచేతిని ప్రేమగా పట్టుకుని ఉక్కు పలక మీద ఆనించాడు. కుడిచేత్తో మొదటి మీట నొక్కమని చెప్పి, రెండడుగులు వెనక్కి వేశాడు.

సోమేశ్వర్ ఆ రెండడుగులు చూశాడు.

ఒక్క దూకు దూకాడు. గట్టమ్మ వేలు మీటకు బియ్యపుగింజంత దూరంలో ఉండగా మణికట్టు దొరకబుచ్చుకుని పక్కకు లాగాడు.

"అన్నా, కార్డు మీద నీ పేరున్నది. నువ్వు నొక్కు."

నర్సింగరావు చెయ్యి లేవలేదు. టైం పోతోందని, అందరూ చూస్తున్నారని నెమ్మదిగా గొణిగాడు.

"అయితే నేను నొక్కుత." సోమేశ్వర్ పలక మీద ఎడమచెయ్యి పెట్టాడు. కుడిచేతి వేలిని మీట వైపు కొంచెం కొంచెంగా జరిపాడు. కళ్ళు మాత్రం నర్సింగరావు మొహం మీదనే ఉన్నాయి. ఒక్క మాట కోసం చూశాడు. వద్దు తమ్మీ అంటే చాలు, మిగతావన్నీ క్షమించడానికి కూడా సిద్ధంగా ఉన్నాడు.

నర్సింగరావు మొహం తిప్పుకున్నాడు.

సోమేశ్వర్ రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు. జేబులోంచి కొయ్యపిడి స్క్రూడ్రైవర్ తీసి, మీటనూ పలకనూ కలిపేలా ఆనించాడు. పిడుగు పడ్డట్టు చప్పుడైంది. నీలిమంట లేచింది. స్క్రూడ్రైవర్ మొన కరిగి ముద్దయింది. జనం పరుగులు తీశారు. పోలీసులు నర్సింగరావును రెండువైపులా పట్టుకున్నారు.

"నన్ను గూడనా, అన్నా?"

"అరవై తొమ్మిదిల మనోళ్లు పిట్టల్లెక్క రాలిన్రు," అన్నాడు నర్సింగరావు. "మనల్ని నడిపించినోళ్లు గవే ఓట్లతోని కుర్సీలెక్కిన్రు. గీ ఓటుకు కాయిదమైతేంది, మిషనైతేంది?"

"కుర్సీలెక్కినోళ్ల మీది కోపానికి అవ్వను సంపుతవా?"

నర్సింగరావు పోలీసుల మధ్య జీపు వైపు నడిచాడు. జీపు ఎక్కేటప్పుడు, విరిగి అతుక్కున్న ఆ భుజం సరిగా లేవక తడబడ్డాడు. పట్టుకుందామని సోమేశ్వర్ చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. తర్వాత ఆ చేతిని జేబులో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

మానుకోటకు వైర్‌లెస్ కొట్టి సునందను విడిపించారు. మిషన్ తయారుచేసిన ఇంజనీరు సోమనర్సయ్య, అవసరం పడొచ్చని విడిగా తెచ్చిన అసలు మిషన్‌ను లారీలోంచి దింపాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. సోమేశ్వర్ తానే ముందు నొక్కి, బతికున్నానని చేతులెత్తి చూపించాడు. అప్పుడు గట్టమ్మ కొంగు బిగించి వచ్చింది. మొదటి ఓటు తనదన్నారని, రెండోదైనా వేసే పోతానని అంది. నొక్కింది. మిషన్ సన్నగా కూత పెట్టింది. ఇది దేనితో నడుస్తుందని అడిగింది. బ్యాటరీతో అవ్వా, కరెంటే అక్కరలేదని సోమనర్సయ్య గర్వంగా చెప్పాడు.

"మంచి తెలివే, బిడ్డా. కరెంటు లేని గూడేనికి ఓటు మిషన్ రానే వచ్చింది. మరి కరెంటు ఎన్నడొస్తది?"

విదేశీ ముఠాను ఒక్క పూటలో బయటపెట్టిన సీక్రెట్ బ్రాంచ్, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అధికారి ఆచూకీ మాత్రం ఎంత వెతికినా కనిపెట్టలేకపోయింది.