నాన్న విన్న వాన

"ఏమే పిట్టా, అక్కడ వాన పడుతోందా?"

స్పీకర్లోంచి నాన్న గొంతు వినగానే పిట్ట నోరు తెరిచింది. వారమంతా దాచుకున్న కబురు నాలుక చివరే ఉంది. ఎవరూ పట్టుకోకుండా వీధి చివరిదాకా తను సైకిల్ తొక్కింది! ఊరికి వెళ్లేముందు నాన్న వెనక సీటు పట్టుకుని, ఆయాసపడుతూ పరిగెత్తి నేర్పించిన సైకిల్ అది.

కానీ నాన్న అడుగుతున్నది వాన గురించి.

పిట్ట కిటికీలోంచి చూసింది. బయట ఎండ దంచేస్తోంది. తీగ మీద బట్టలు ఆరి కర్రల్లా బిగుసుకున్నాయి. హోరుమని చప్పుడు చేస్తున్నది వాన కాదు, టేబుల్ మీది కంప్యూటర్.

అది లంచ్ బాక్సుకు పెద్దన్నలా ఉంటుంది, అంతే. ఇల్లు ఇరుకు, టేబుల్ ఇంకా ఇరుకు. అందుకే అంత చిన్నది కొన్నారు. అమ్మ ఇంట్లో కూర్చుని దాని మీదే పుస్తకాలకు పేజీలు తయారు చేస్తుంది. ఈమధ్య దాని లోపలి ఫ్యాను గొంతు పెంచింది.

నాన్న ఉండేది ఎడారిలో, పైపులైను వేసేవాళ్ల క్యాంపులో. వెల్డింగ్ పని. అక్కడ ఫోన్లు పలకవు. ఆదివారం మధ్యాహ్నం క్యాంపు ఆఫీసులోని కంప్యూటర్ ముందు ఒకరి తర్వాత ఒకరు కూర్చుని ఇళ్లకు మాట్లాడుకుంటారు. బొమ్మ రాదు, గొంతు మాత్రమే వస్తుంది. అమ్మ తన మాటలు ముగించి, పిట్టను కుర్చీలో కూర్చోబెట్టి, వంటింట్లోకి వెళుతుంది. ఆ కాసేపే పిట్టది.

"పడుతోందా అంటే మాట్లాడవేం?"

ఫ్యాను సంగతి వివరించాలంటే బోలెడు టైము పోతుంది. పిట్ట తొందరపడింది. "ఆఁ, పడుతోంది నాన్నా! అది సరే గానీ, నేనేం చేశానో తెలుసా..."

"ఆగాగు. ఒక్క నిమిషం మాట్లాడకు తల్లీ. విననీ."

పిట్ట ఆగింది. అవతల నాన్న ఊపిరి తప్ప ఇంకేం వినపడలేదు.

"ఇక్కడికొచ్చాక ఒక్క చుక్క చూడలేదే," అన్నాడు నాన్న మెల్లగా. "పొద్దున్న లేస్తే ఇసుక. మంచంలో ఇసుక, చెవిలో ఇసుక. ఎంత బాగుందో ఈ చప్పుడు!"

ఆ ఒక్క నిమిషం ఎంత పెద్దదంటే, అది అయ్యేసరికి నాన్న వెనక ఎవరో దగ్గారు. "అదిగో, వెనకవాళ్లు తొందరపెడుతున్నారు. ఉంటాను తల్లీ. వానలో తడవకు."

సైకిల్ కబురు పిట్ట నోట్లోనే ఉండిపోయింది.

వసపిట్టలా వాగుతుందని ఆ పిల్లకు పిట్ట అని పేరు పెట్టిందే నాన్న. అలాంటి పిట్ట, స్పీకరు మూగబోయాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

తర్వాతి ఆదివారం నిజం చెప్పేద్దామనుకుంది.

"వాన ఇంకా తగ్గలేదన్నమాట!" అన్నాడు నాన్న, హలో కూడా అనకుండా. గొంతులో పండగ చేసుకుంటున్నంత సంబరం. "ఇవాళ మా వంటమాస్టారు కూడా వచ్చాడే వినడానికి. ఉండు, కుర్చీ వేస్తున్నాను."

పిట్ట కంప్యూటర్ వైపు చూసింది.

"ఓహో, గట్టిగానే పడుతోందే!" అని ఒక బొంగురు గొంతు వినిపించింది. "అమ్మా, ఆ మైకు కాస్త వాన దగ్గరగా పెడతావా?"

పిట్ట మైకు పట్టుకుంది. కాసేపు ఎటూ కదలలేదు. తర్వాత దాన్ని మెల్లగా జరిపి కంప్యూటర్ ఫ్యాను పక్కన పెట్టింది.

"ఆహా," అన్నాడు వంటమాస్టారు.

ఆ వారంలో కంప్యూటర్ మొండికేసింది. అమ్మ పేజీలు చేస్తుండగానే దానంతటదే ఆరిపోయేది. "ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది," అంది అమ్మ. శనివారం పొద్దున్న దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని, పిట్టను వెంటబెట్టుకుని, పక్కవీధిలో ఉన్న పిన్ని కొట్టుకు వెళ్లింది. పిన్నిది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు.

"చల్లగా ఉండాలి, నోరు మూసుకుని ఉండాలి. అలాంటిది పెట్టవే," అంది అమ్మ. "ఆదివారం మా ఆయనకు పిట్ట మాటలు సగం వినపడటం లేదు. ఏది పెట్టాలో దీన్నే అడుగు, దీనికే కదా ఆత్రం." పిట్టను అక్కడే వదిలి అమ్మ పని మీద వెళ్లిపోయింది.

పిన్ని నాలుగు స్క్రూలు ఊడదీసి మూత ఎత్తింది. లోపల బూడిదరంగు దుమ్ము. "ఇదిగో, దీని బుర్ర ఇక్కడుంది. పని చేసేకొద్దీ వేడెక్కుతుంది. ఈ రేకులు ఆ వేడిని పీల్చుకుంటాయి, పైన ఫ్యాను దాన్ని ఊదేస్తుంది. మొత్తం కలిపి కూలర్. ఈ ఫ్యానుకు వయసైపోయింది, పాపం."

బుర్రకూ మూతకూ మధ్య ఎంత చోటుందో స్కేలు పెట్టి చూసింది. మూడు వేళ్ల ఎత్తు. ఆ తర్వాత అరలోంచి మూడు కూలర్లు తీసి బల్ల మీద పెట్టింది.

మొదటిది మేడలా ఉంది. "ఇది మహా నెమ్మదస్తురాలు. కానీ మూత పట్టదు. దీన్ని పెడితే మీ కంప్యూటర్ నెత్తి మీద టోపీ కుట్టించాలి."

రెండోది బిస్కెట్ పాకెట్ అంత పల్చగా, ముద్దుగా ఉంది. పిన్ని దానికి వైరు తగిలించింది. హోరు. అచ్చం ఇంట్లో చప్పుడే.

మూడోది పొట్టిగానే ఉంది గానీ వెడల్పు. పరుచుకున్న రేకుల మీద పళ్లెంలాంటి ఫ్యాను బోర్లా పడుకుని ఉంది. వైరు తగిలించినా పిట్టకు ఏమీ వినపడలేదు. "ఇది పాడైపోయింది పిన్నీ."

"చెవి దగ్గర పెట్టు."

పెట్టింది. చెంపకు గాలి తగిలింది. ఎక్కడో దూరంగా ఎవరో పుస్తకంలో పేజీ తిప్పినట్టు చిన్న శబ్దం.

"మనిద్దరం కలిసి నడిస్తే ఏమవుతుంది?" అంది పిన్ని. "నేను తాపీగా నడుస్తాను. నీవి చిన్న అడుగులు కాబట్టి నాతో సమానంగా రావాలంటే పరిగెత్తి రొప్పుతావు. ఫ్యాన్లూ అంతే. చిన్నది అంతే గాలి తోయాలంటే పిచ్చిగా తిరగాలి, అరవాలి. వెడల్పుది నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. సరే, చెప్పు. మూత పట్టేవి రెండున్నాయి. ఏది పెట్టను?"

పిట్ట పల్చటిదాన్ని చూపించింది.

"అరుస్తుందని ఇప్పుడే కదే చెప్పాను?"

"ముద్దుగా ఉంది."

"మూత వేశాక దాని ముద్దు ఎవరు చూస్తారు?" పిన్ని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసింది. "నోరు తెరిస్తే మూయని దానివి, ఇవాళ రెండు ముక్కల్లో తేల్చేశావేం? ఏంటి సంగతి?"

పిట్ట చెప్పింది. వాన, వంటమాస్టారు, మైకు అన్నీ.

పిన్నికి నవ్వాగలేదు. "కుర్చీ వేసుకుని మరీ ఫ్యాను విన్నారా!" అని కళ్లు తుడుచుకుంది. పిట్ట ముఖం చూశాక నవ్వు ఆపేసింది.

"ఇప్పుడు ఇది మాట్లాడకపోతే నాన్నకు తెలిసిపోతుంది," అంది పిట్ట. "తెలిస్తే ఆయనకు వాన ఉండదు."

"మరి ఇది అరుస్తూ ఉంటే?"

"ఆయనకు నేను ఉండను."

"నేను ఈ దుమ్ము దులుపుతూ ఉంటాను. నువ్వు ఏదో ఒకటి తెచ్చివ్వు, బిగిద్దాం," అని పిన్ని పక్కకు తిరిగింది.

పిట్ట పల్చటి ఫ్యానుకు మళ్లీ వైరు తగిలించి కళ్లు మూసుకుంది. ఎంత విన్నా వానలా లేదు. వాన పెరుగుతుంది, తగ్గుతుంది, మధ్యలో గాలికి పక్కకు పోయి మళ్లీ వస్తుంది. ఇది ఒకటే గొంతుతో, ఒకటే రొద. పాపం నాన్న! దీన్ని వాన అనుకున్నాడంటే ఆయనకు వాన ఎంత కావలసి వచ్చిందో!

ఆమె వైరు తీసేసింది. వెడల్పుదాన్ని రెండు చేతులతో పట్టుకెళ్లి పిన్నికిచ్చింది.

బుర్ర వేడిని రేకులకు అందించే పాత పేస్టును పిన్ని తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి, కూలర్ని బిగించింది. మూత వేసింది. సరిగ్గా పట్టింది.

ఆదివారం నాన్న మాట్లాడే వేళకు ముందే పిట్ట వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. అమ్మ వంతు అయ్యింది. అమ్మ లేచింది, పిట్ట కూర్చుంది.

"పిట్టా? ఏంటి, ఇవాళ వాన వెలిసిందా?"

"వెలవలేదు నాన్నా." పిట్ట కుర్చీ అంచు పట్టుకుంది. "అసలు పడలేదు. అప్పుడు కూడా పడలేదు. అది మన కంప్యూటర్ ఫ్యాను. నేనే అబద్ధం చెప్పాను."

నాన్న వెనకనుంచి బొంగురు గొంతు, "ఏమంటోంది?"

"పడలేదట మాస్టారూ. ఫ్యానట."

"కోపం వచ్చిందా నాన్నా?"

"వచ్చింది, కాస్త," అన్నాడు నాన్న. "ఒక్కసారైనా ఉరమలేదేమిటా అని నాకూ అనిపించిందే. అడిగితే కాదంటారేమోనని నిన్నూ అడగలేదు, అమ్మనూ అడగలేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నువ్వేదో చెప్పబోతుంటే ఆపి, ఫ్యాను విన్నాను చూడు. అందుకు నా మీద కూడా కోపంగానే ఉంది. అవునూ, ఆ టప్ టప్ ఏంటి?"

పిట్ట చెవులు రిక్కించింది. వంటింట్లోంచి వస్తోంది. ఇన్నాళ్లూ ఆ హోరులో తనకే వినపడలేదు.

"కుళాయి నాన్నా."

"ఇంకా కారుతోందా అది?"

"కారక ఏం చేస్తుంది?" వంటింట్లోంచి అమ్మ అరిచింది. "వెళ్లేలోగా వాషరు మారుస్తానన్నది మీరే కదా!"

నాన్న నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే సన్నబడింది. "మార్చకండి. నేనొచ్చి మారుస్తాను," అన్నాడు. కాసేపు ముగ్గురూ కుళాయి విన్నారు.

"ఇప్పుడు చెప్పు తల్లీ. ఏదో చేశానన్నావు?"

పిట్ట చెప్పింది. వీధి చివరిదాకా. ఎవరూ పట్టుకోకుండా.

"దిగేటప్పుడు?"

"పడ్డాను."

"మోకాలా?"

"మోచెయ్యి. నాన్నా, పడేముందు ఒకసారి వెనక్కి చూశాను. నువ్వు సీటు పట్టుకున్నావేమోనని."

ఆ రోజు నాన్న వెనక ఎవరూ దగ్గలేదు.

తర్వాత చాలా ఆదివారాలు గడిచాయి. ఒక ఆదివారం అన్నాలు తినేవేళకే ఆకాశం నల్లబడింది. అమ్మ పరుగున వెళ్లి బట్టలు తెచ్చింది. పిట్ట దగ్గర ఆ రోజు మూట నిండా కబుర్లున్నాయి. అన్నిటికంటే పెద్ద కబురు, పొద్దున్నే ఊడిన పన్ను. ఖాళీలో నాలుక పెట్టి ఆడిస్తూ ఆమె స్పీకరు ముందు కూర్చుంది.

"పిట్టా!" అని నాన్న పిలిచేసరికి మొదటి చినుకులు కిటికీని తాకాయి.

పిట్ట నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. లేచి కిటికీ తలుపులు బార్లా తీసి, మైకును గట్టు మీద పెట్టింది.

"హలో? ఏమే, పలకవేం? ఆ చప్పుడేంటి, మళ్లీ ఫ్యాను పాడైందా?"

పిట్ట జవాబు చెప్పేలోపు ఆకాశం ఫెళ్లున ఉరిమింది.

నాన్న మాట ఆగిపోయింది. తర్వాత అవతల కుర్చీలు జరిగిన చప్పుడు, చాలా అడుగుల చప్పుడు, "నిజం వానేనా?" అని వంటమాస్టారి గొంతు, "ష్!" అని నాన్న.

వాన పెరిగింది. గాలికి పక్కకు పోయింది, మళ్లీ వచ్చింది. పన్ను కబురు పెదాల వెనక గిలగిలలాడుతోంది. పిట్ట పెదాలు గట్టిగా బిగించింది. మైకు తడవకుండా దాని మీద అరచేతిని గొడుగులా పట్టి, మోచేతిదాకా తడుస్తూ అలాగే నిలబడింది.