పదకొండు గ్యాలన్ల దారి

1979 ఏప్రిల్‌లో ఒక గురువారం సాయంత్రం నాలుగూ ఇరవైకి హేస్టింగ్స్ ఆటో క్లబ్ ఆఫీసు కిటికీ అద్దాలు గడగడలాడాయి. లోవెల్ హ్రుష్కా చేతిలో పెన్ను జారింది. ఎవరో పెద్దమనిషి కోసం ఒమాహా నుంచి గీస్తున్న నారింజ రంగు గీత వెళ్లి మిస్సోరి నదిలో పడింది.

లోవెల్ ఉద్యోగం అదే. సభ్యులు వచ్చి ఫలానా చోటికి వెళ్లాలంటారు. అతను మ్యాపు మీద దారి గీసి, ఎక్కడ తినాలో ఎక్కడ పడుకోవాలో రాసి, కాగితాలన్నీ పుస్తకంలా కుట్టి ఇస్తాడు. ఆరేళ్లుగా ఇస్తున్నాడు. దారి తప్పామని తిరిగొచ్చినవాళ్లు లేరు.

మోత ఆగింది. తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. పొలాలకు నీళ్లు తోడే పంపులు చేసే ఫ్యాక్టరీ యూనిఫారంలో ఉంది. చొక్కా చేతుల నిండా వెల్డింగ్ నిప్పురవ్వలు చేసిన చిల్లులు. జుట్టు ఎర్రటి గుడ్డతో కట్టేసి ఉంది.

"ఆ మోత మీదేనా?" అన్నాడు లోవెల్.

"మోత కాదండీ, ఇంజను. ఆపేశాగా."

ఫారం నింపింది. ట్వైలా జోర్గెన్సన్, ఇరవై అయిదేళ్లు. వెళ్లాల్సింది యూటాలోని బానవిల్ ఉప్పు మైదానానికి. ఆగస్టులో అక్కడ కార్ల వేగం పరీక్షలు జరుగుతాయి.

లోవెల్ ఒకే ఊపులో గీత లాగేశాడు. "ఎనభయ్యో నంబరు హైవే ఎక్కండి, తొమ్మిది వందల ముప్పై మైళ్లు పోండి, దిగండి. నెక్స్ట్ ఎవరు?"

ట్వైలా వెనక్కి తిరిగి చూసింది. "ఎవరూ లేరు."

లోవెల్ పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు.

"మీ గీత బాగుంది. నా కారుకి మాత్రం పనికిరాదు."

"అన్ని కార్లకీ రోడ్డు ఒకటేనండీ."

"ఒకసారి బయటికి రండి, చెబుతాను."

బయట ఉన్నది 1932 నాటి రెండు తలుపుల ఫోర్డు కూపే. అంటే, కొన్నప్పుడు అది ఫోర్డు. తర్వాత దానికి చాలా జరిగాయి. లోవెల్ దాని చుట్టూ తిరిగాడు.

"బానెట్ ఏది?"

"తీసేశాం."

"మడ్‌గార్డులు?"

"తీసేశాం."

"వైపర్లు?"

"కప్పు నాలుగంగుళాలు కోసి కిందికి దించాం. ఇక అద్దం మీద వాటికి చోటు లేదు."

"ఇంకేం మిగిలింది?"

"ఇంజను," అంది ట్వైలా, బిడ్డను చూపించినట్టు. "పాతది పీకేసి దానికి రెండింతలది పెట్టాం. ఎక్కువసేపు ఎక్కువ ఎత్తు ఎక్కితే మరిగిపోతుంది. ట్యాంకు పదకొండు గ్యాలన్లు. గ్యాలన్‌కి తొమ్మిది మైళ్లు. అదీ ఎదురుగాలి లేకపోతే. ఇప్పుడు చెప్పండి, రోడ్డు ఒకటేనా?"

"ట్రైలరు మీద ఎక్కించుకుని వెళ్లొచ్చు కదా? ఇలా పాత కార్లకి పెద్ద ఇంజన్లు పెట్టే హాట్ రాడ్ వాళ్లందరూ అలాగే వెళ్తారట."

"ఓరిన్ చస్తే ఒప్పుకోడు. మోసుకెళ్లాల్సిన కారు కారే కాదంటాడు."

"ఓరిన్ ఎవరు?"

"పక్క సీటు," అంది ట్వైలా.

ఉన్నవి రెండే సీట్లు. లోవెల్ ఆమె ఎడమ చేతివంక ఓసారి చూశాడు. పెళ్లి ఉంగరం లేదు. అయినా వెల్డింగ్ చేసేవాళ్లు పనిలో ఉంగరం పెట్టుకోరు. ఆ సంగతి అతనికి అప్పటికప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత ప్రతి గురువారం షిఫ్టు దిగగానే ఆమె వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఓ కొత్త షరతు.

"ఓరిన్‌కి నడుము నొప్పి. గంటన్నరకోసారి ఆగాలి."

"ఎనభై మైళ్లకోసారి పెట్రోలుకి ఎలాగూ ఆగాలి."

"ఓరిన్‌కి హోటలు తిండి సరిపడదు. ఇంట్లో చేసినట్టుండే యాపిల్ పై ఎక్కడ దొరుకుతుందో రాయి."

"ఓరిన్‌కి ఇంకేం సరిపడవు?"

"కుర్రాళ్లు," అంది ట్వైలా ఆలోచించి.

లోవెల్ అది కూడా నోట్సులో రాసుకున్నాడు. పెళ్లయిన మనిషికి దారి గీసి పెట్టడంలో తప్పేమీ లేదని తనకు తాను చెప్పుకున్నాడు. బుధవారం రాత్రులే చొక్కా ఇస్త్రీ చేసుకోవడం గురించి మాత్రం ఏమీ చెప్పుకోలేదు.

మే నెలాఖరుకి దారి ఒక కొలిక్కి వచ్చింది. నార్త్ ప్లాట్‌లో ఒక రాత్రి. షెయెన్‌లో ఇంకో రాత్రి. అది దాటాక లారమీ ముందున్న ఎత్తు తెల్లవారగానే, ఎండ ముదరకముందే ఎక్కేయాలి. లారమీ నుంచి రాలిన్స్ దాకా కొత్త హైవే వద్దు. అక్కడ గాలికి లారీలే పల్టీలు కొడతాయి. పాత ముప్పయ్యో నంబరు రోడ్డు మీదుగా, రాక్ రివర్‌లో పెట్రోలు పోయించుకుని, మెడిసిన్ బో మీదుగా పోవాలి.

"కొత్త రోడ్డు మీద గాలి అంత ఉంటుందా?" అంది ట్వైలా మ్యాపు మీదికి వంగి.

"భయంకరంగా ఉంటుంది."

"పాత రోడ్డు మీద?"

"కాస్త తక్కువ. అక్కడ కొండలు అడ్డం వస్తాయి."

"కాస్త అంటే? స్టీరింగు రెండు చేతుల్తో పట్టుకోవాలా, ఒక చేత్తో సరిపోతుందా?"

లోవెల్ పుస్తకంలో పేజీలు తిరగేశాడు.

"నువ్వు వెళ్లినప్పుడు ఎలా ఉంది?"

"నేను వెళ్లలేదు."

"వ్యోమింగ్‌లో అటువైపు వెళ్లలేదా?"

"అసలు వ్యోమింగే వెళ్లలేదు."

ట్వైలా నిటారుగా నిలబడింది. "మరెక్కడికి వెళ్లావు?"

"లింకన్‌లో రెండేళ్లు చదువుకున్నాను."

"లింకనా! బస్సెక్కి నిద్రపోతే దాటిపోయే దూరం! ఆరు వారాల నుంచి పెట్రోలు బంకులూ కొండలూ మలుపులూ కళ్లారా చూసినట్టు చెబుతున్నావే?"

"అన్నీ పుస్తకాల్లో ఉంటాయి ట్వైలా. రిపోర్టులు వస్తాయి. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పు పోలేదు."

"వాళ్లందరివీ మామూలు కార్లు. తప్పు పోతే ఇంకో ఇరవై మైళ్లు పోతాయి. నాది ఆగిపోతుంది, తెలుసా? ఎండలో, నీడ లేని చోట, అరవై తొమ్మిదేళ్ల…" అని ఆగి, "నా సంగతి వదిలెయ్. ఓరిన్‌ని నీ పెన్ను మీద నమ్మకంతో తీసుకెళ్లమంటావా?" అంది.

మ్యాపులు తీసుకోకుండా వెళ్లిపోయింది. ఇంజను మోత చివరి సిగ్నల్ దాకా వినిపించింది.

ఆమె నోరు జారిన అరవై తొమ్మిది అనే అంకె ఆ కంగారులో లోవెల్ చెవికి ఎక్కలేదు. ఎక్కి ఉంటే అతనికి చాలా బాధ తప్పేది.

తర్వాతి గురువారం ఆమె రాలేదు. ఆ పై వారం కూడా. పేపర్ల నిండా పెట్రోలు కరువు వార్తలే. కాలిఫోర్నియాలో కార్లు మైళ్ల కొద్దీ బారులు తీరాయి. ఆదివారాలు బంకులు మూసేస్తున్నారు. క్లబ్‌కి వచ్చే రిపోర్టులు మాత్రం మార్చి నాటివే.

జూన్‌లో ఓ శుక్రవారం లోవెల్ ఆరేళ్లలో మొదటిసారి సెలవు పెట్టాడు.

"ఒంట్లో బాగాలేదా?" అని మేనేజరు అడిగితే, "బాగానే ఉంది," అన్నాడు. ఆ జవాబుకి ఆయన ఎక్కువ కంగారు పడ్డాడు.

లోవెల్‌ది గోధుమ రంగు చిన్న కారు. దాంట్లో తన పుస్తకం ప్రకారం తాను బయలుదేరాడు. ఎనభై మైళ్లకోసారి ఆగాడు. ప్రతి బంకులో దిగి, ఏ రోజుల్లో తెరుస్తారో, మనిషికి ఎంత పోస్తారో రాసుకున్నాడు. యాపిల్ పై దొరికిన ప్రతిచోటా ఆగి తిన్నాడు. రాష్ట్రం సరిహద్దు బోర్డు దాటినప్పుడు ఏదో అనిపిస్తుందనుకున్నాడు. ఏమీ అనిపించలేదు. ఆ తర్వాత ఓ పది మైళ్లు పోయాక, చెట్లు లేని ఆ నేల అంతా ఒక్కసారి పైకి లేచి ఆకాశం దగ్గరికి వచ్చినట్టయింది. కారు పక్కకు ఆపి కాసేపు కూర్చున్నాడు. మ్యాపులో అది తెల్ల కాగితం.

శనివారం పొద్దున పదిన్నరకి మెడిసిన్ బోలో ఒక హోటలు ముందున్న ఫోను నుంచి, ఫారంలో ఆమె రాసిన నంబరుకి చేశాడు.

"ఎవరూ?" బొంగురు గొంతు.

"నేను ఆటో క్లబ్ నుంచి… ట్వైలా ఉందా అండీ?"

"ఓహో. మ్యాపుల కుర్రాడివి నువ్వేనా?"

"మీరు ఓరిన్ గారా?"

"ఇంట్లో ఉండే మగాణ్ని నేనొక్కణ్నే. కాబట్టి నేనే. పిల్లను ఏమన్నావు నువ్వు? రెండు వారాలుగా ఏదో ఒకటి వెల్డింగ్ చేస్తూనే ఉంది. నా కోళ్ల గూడుకి కూడా ఇనప తలుపు పెట్టేసింది."

"పిల్ల?" అన్నాడు లోవెల్.

"మా తమ్ముడి కూతురయ్యా. ఐదేళ్లప్పటి నుంచి నేనే పెంచాను. నేను దాని మొగుణ్ననుకున్నావేంటి?"

వ్యోమింగ్ గాలి ఆ ఫోను తీగలో చాలాసేపు ఈల వేసింది.

"అనుకున్నావా!" అన్నాడు ఓరిన్. అటుపైన వచ్చిన నవ్వు దగ్గులోకి దిగి, మళ్లీ నవ్వులోకి తేలింది. "ట్వైలా! ఇటు రావే! నేను నీ మొగుణ్నట!"

"మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తుంది కదండీ, అందుకని…"

"పెదనాన్నా అంటే ముసలాణ్నయిపోతానని నేనే వద్దన్నాను. ఇదిగో, మాట్లాడు."

ట్వైలా గొంతు పొడిగా వచ్చింది. "చెప్పు."

"రాక్ రివర్ బంకు మూసేశారు. చలికాలం నుంచే మూసి ఉందట. నా పుస్తకంలో తెరిచే ఉంది. నువ్వన్నదే నిజం. మెడిసిన్ బోలో ఉంది కానీ మధ్యాహ్నం పన్నెండు దాకానే పోస్తారు, అదీ కారుకి అయిదు గ్యాలన్లే. లారమీ నుంచి ఇక్కడికి యాభై ఏడు మైళ్లు. ఇక్కడ అయిదు పోయించుకుంటే రాలిన్స్ చేరతారు. పన్నెండు దాటితే చేరరు. రాసుకున్నావా?"

"ఇక్కడికి అంటున్నావేంటి? ఎక్కడున్నావు?"

"మెడిసిన్ బోలో."

ఫోనులో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఎందుకెళ్లావు?"

"గాలి ఎలా ఉంటుందని అడిగావుగా."

"ఎలా ఉంది?"

"నా కారు తలుపు మూసుకోవడం లేదు. తీసేటప్పుడు చేతిలోంచి లాగేసింది. బందులు వంగిపోయాయి. ప్రస్తుతం నా బెల్టుతో కట్టి ఉంచాను."

"ప్యాంటు?" అంది ట్వైలా.

"ఒక చేత్తో పట్టుకున్నాను. రెండో చేత్తో ఫోను."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వినడం కోసం నాలుగు వందల అరవై మైళ్లు రావడం పెద్ద దూరమేమీ కాదని లోవెల్ లెక్క వేశాడు. దూరాల లెక్క అతనికి బాగా వచ్చు.

సోమవారం సాయంత్రం జోర్గెన్సన్ల గ్యారేజీలో ట్వైలా ఆ తలుపు బందులు కాల్చి, సుత్తితో సరిచేసింది. ఓరిన్ స్టూలు మీద కూర్చుని పుస్తకం కొత్త ప్రతి తిరగేశాడు. తిన్న ప్రతి యాపిల్ పై గురించీ రెండేసి వాక్యాలు రాసి ఉన్నాయి.

"దారిలో ఈ సిడ్నీ అనే ఊళ్లో యాపిల్ పై అడుగున మెత్తబడిందని రాశావు," అన్నాడు అనుమానంగా.

"రెండుసార్లు తిని చూశానండీ."

ఓరిన్ తల ఊపాడు. కుర్రాళ్ల విషయంలో ఆయన అంతకు మించి ఊపడం ట్వైలా ఎన్నడూ చూడలేదు.

"ఇంకొక్కటి. నా నడుముకి ఆ పెట్టెలో తొమ్మిది వందల మైళ్లు కుదరదు. వీడి కారులో సీటు మెత్తగా ఉంది. నేను వీడితో వస్తాను. వెనకాల నీళ్లూ, టైరూ, సామానూ పెట్టుకుంటాం."

లోవెల్ ట్వైలా వంక చూశాడు. ట్వైలా సుత్తి వంక చూసింది. ప్రేమలో పడ్డ మనిషికి దొరికిన అదృష్టం ఇదీ: పిల్ల ముందు కారులో ఒక్కతే, తాను వెనక కారులో పెదనాన్నతో.

ఆగస్టు మొదటి వారంలో అలాగే బయలుదేరారు. ఓరిన్ నార్త్ ప్లాట్ దాకా ప్రశ్నలడిగాడు. మీ నాన్నేం చేసేవాడు, తాగుతావా, కోపం వస్తే అరుస్తావా, మూగగా ఉంటావా. షెయెన్ దాకా తన కథ చెప్పాడు. అదే ఫోర్డుతో 1953లో ఉప్పు మీద నూట పన్నెండు మైళ్ల వేగం చూశాడు. తమ్ముడు పోయాక, పిల్లని పెంచడంలో పడి మళ్లీ వెళ్లలేదు. ఈసారి నడిపేది ట్వైలా.

"పిల్ల అక్కడ నూట ముప్పై దాటేటప్పుడు నువ్వేం చేస్తావు?" అన్నాడు.

"కళ్లు మూసుకుంటానేమో."

"నేనూ అంతే," అన్నాడు ముసలాయన.

మెడిసిన్ బో చేరేసరికి పదకొండూ నలభై. గాలి అలాగే ఉంది. అయిదు గ్యాలన్లు పోయించాక ఓరిన్ లోవెల్ ముందు చెయ్యి చాపాడు.

"తాళాలు ఇవ్వు. ఇక్కణ్నుంచి ఇది నేను నడుపుతాను."

"మీ నడుము…"

"నడపడానికి బానే ఉంది. నాలుగు వందల అరవై మైళ్లు నీ మాటలు విన్నాను. నాకు చాలు. ఇప్పుడు పిల్ల వినాలి. ముందు కారులోకి ఫో."

కూపే కప్పుకి తల కొట్టుకుని, లోవెల్ పక్క సీట్లో కూర్చున్నాడు. రెండు మైళ్లు పోయాక ధైర్యం తెచ్చుకుని అరిచాడు.

"నువ్వంటే ఇష్టం!"

"కష్టమా? సీటా?"

"సీటు కాదు! నువ్వు!"

"నేను కష్టమా?"

"ఇష్టం! ఇ! ష్టం! ఏప్రిల్ నుంచీ!"

ట్వైలా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"మొదటిసారే వినపడింది!" అని అరిచింది. "మళ్లీ చెప్పు!"

చెప్పాడు. ఆమె కూడా ఏదో చెప్పింది. అతను కూడా వినపడనట్టే నటించాడు. అరవై మైళ్లు అలా సాగింది. స్టీరింగుకి ఒక చెయ్యి సరిపోయింది.

రాలిన్స్‌లో ఇంజను ఆపేసరికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. వెనకాలే ఓరిన్ వచ్చి కారు దిగాడు. కిటికీలోకి వంగి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమన్నాడే?"

"ఏమో, ఓరిన్. ఆ మోతలో సరిగ్గా వినపడలేదు," అంది ట్వైలా, లోవెల్ చెయ్యి వదలకుండానే.