నీళ్ళు పెట్టని వరస

"నా పెద్ద కోడలు చిన్నదానికి విషం పెట్టిందంటున్నారు బాబూ!"

మొక్కల నర్సరీ నడిపే ఆ పెద్దావిడ డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుంది. చిన్న కోడలు ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది. సాయంత్రానికి పోలీసుల దగ్గరికి వెళ్తానని ఆ పిల్ల తండ్రి పట్టుబట్టాడు.

"డాక్టర్లేమన్నారు?"

"మలేరియా అన్నారు. వియ్యంకుడు నమ్మడే! అవే దోమలు మిమ్మల్నీ కుట్టాయి, మీరంతా గుండ్రాళ్ళలా ఉన్నారు కదా అంటాడు. చిన్నది పడిపోయే ముందు చివరగా గ్లాసుడు పాలు తాగమని ఇచ్చింది పెద్దది. అది పరాయిది కాదండీ, మా అన్నయ్య కూతురే."

"పడిపోయినప్పుడు చిన్నమ్మాయి చేతిలో ఏముంది?"

పెద్దావిడ నేల వైపు చూసింది. "నీళ్ళ క్యాను."

నర్సరీలో నీళ్ళ డ్రమ్ముల నిండా దోమపిల్లలు. మట్టి చేతులతో ఎదురొచ్చిన పెద్ద కోడలిని డిటెక్టివ్ అడిగాడు, "మీ ఇంట్లో జ్వరం వస్తే ఏం చేస్తారమ్మా?"

"ఏం చేస్తామండీ? చెమట పట్టేదాకా పని చేస్తాం. దెబ్బకి పారిపోతుంది. మా అత్తయ్య వైద్యం అదే!"

చుట్టూ చేరిన ఇంటివాళ్ళంతా నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు.

డిటెక్టివ్ ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష చేయించాడు. "జబ్బు పడ్డవాళ్ళనే కాదోయ్, పడనివాళ్ళనీ చూడాలి" అంటే వెంట వచ్చిన అతని అసిస్టెంటు నోరు తెరుచుకుని విన్నాడు.

సాయంత్రం అందరినీ వార్డు బయట కూర్చోబెట్టాడు.

"విషం లేదు. మలేరియా క్రిమి ఈ ఇంట్లో అందరి రక్తంలోనూ ఉంది. కానీ వీళ్ళ రక్తకణాల్లో పుట్టుకతోనే చిన్న తేడా ఉంది. అందులో క్రిమి పెద్దగా పెరగలేదు. పెద్ద కోడలు ఈవిడ మేనకోడలే కాబట్టి ఆమెదీ ఆ రక్తమే. మీ అమ్మాయికి ఆ రక్ష లేదు. క్రిమి విజృంభించింది. దాన్ని చంపడానికి ఒళ్ళు చేసిన పోరాటమే హద్దు మీరి, మెదడుకు వాపు తెచ్చింది."

డాక్టరు అవునన్నట్టు తలూపాడు. చిన్నమ్మాయి తండ్రి పెద్ద కోడలి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"తప్పయింది తల్లీ. అయితే తప్పెవరిదీ కాదన్నమాట."

డిటెక్టివ్ పెద్దావిడ కేసి చూసి తల దించుకున్నాడు.

"తప్పు నాది అన్నయ్యగారూ." ఆవిడ వియ్యంకుడి ఎదుట లేచి నిలబడింది. "చిన్నది జ్వరమని డాక్టరు దగ్గరికి వెళ్తానంది. ఈ మాత్రం జ్వరానికే మంచమెక్కాలా, ఆ చివరి వరస మొక్కలకి నీళ్ళు పెట్టు, జ్వరం అదే పోతుందన్నాను. క్యాను నా చేత్తోనే ఇచ్చాను."

అంతలో నర్సు తలుపు తీసింది.

"కళ్ళు తెరిచిందండీ. అత్తయ్యగారిని పిలుస్తోంది."

మంచం పక్కన ఆవిడ వంగింది. చిన్న కోడలి పెదాలు కదిలాయి.

"అత్తయ్యా... ఆ చివరి వరసకి నీళ్ళు పెట్టలేకపోయాను. ఏమనుకోకండి."

నర్సు నీళ్ళ చెంచా అందించింది. ఆవిడ దాన్ని కోడలి నోటికి తీసుకెళ్తుంటే సగం నీళ్ళు దిండు మీదే ఒలికిపోయాయి.